మీటరు ముందు నిలబెట్టి చూపించండి

కరెంటు ఎందుకు పొదుపు చేయాలో, ఎలా చేయాలో ఎంత చెప్పినా పిల్లలు వినడం లేదు, ఏం చేయాలని మీరు అడిగారు. నా అనుభవంలో ఇది చెబితే వినే విషయం కాదు, చూపించవలసిన విషయం. బిల్లు ఎక్కువ వస్తుందని మేమూ ఏళ్ల తరబడి చెప్పాం. కట్టేది వాళ్లు కాదు కనుక ఆ మాట వాళ్ల చెవికెక్కలేదు.

మేము విజయనగరంలో ఉంటున్నాం. నిరుడు సంక్రాంతి సెలవుల్లో ఒక సాయంత్రం ఇంట్లో అన్నీ ఆపేసి, ఆరో తరగతి చదివే అబ్బాయినీ మూడో తరగతి అమ్మాయినీ వరండాలోని మీటరు ముందు నిలబెట్టాను. మా మీటరులోని చిన్న ఎర్రలైటు 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్ ఖర్చయినట్టు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒక్కటే వేస్తే రెండు నిమిషాలకొకసారి మెరిసింది. 75 వాట్ల పాత ఫ్యానుకు నిమిషానికి 4 సార్లు మెరిసింది. తరువాత 2000 వాట్ల గీజరు వేశాను. వేళ్లు మడుస్తూ లెక్కపెడుతున్న అమ్మాయి ముప్పై దాటగానే లెక్క తప్పి, "నాన్నా, ఇది ఆగట్లేదు!" అని నా చేయి పట్టుకుంది. అరగంట గీజరుకు ఒక యూనిట్ అవుతుందనీ, అదే యూనిట్‌తో ఆ బల్బు వంద గంటలకు పైగా వెలుగుతుందనీ అప్పుడు చెబితే ఇద్దరూ నోరు మెదపకుండా విన్నారు. ఆ మర్నాటి నుంచి బకెట్ నిండగానే గీజరు ఆపేది మా అమ్మాయే.

ఏటా డిసెంబరు 14న ఇంధన పొదుపు దినోత్సవమని బడుల్లో వ్యాసాలు రాయిస్తారు. మావాడి వ్యాసంలో భూతాపం ఉంది, బొగ్గు నిల్వలు ఉన్నాయి, మా ఇంటి గీజరు మాత్రం లేదు. ఇంటి సంగతి రాయించని ఆ చదువు నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇక కరెంటు ఎందుకు పొదుపు చేయాలన్నది పిల్లలకు మా అమ్మ చెప్పింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆమె ఉద్దానంలోని మా ఊళ్లోనే ఉంది. స్తంభాలు కూలి రోజుల తరబడి కరెంటు లేకపోతే, జనరేటరు తెచ్చి ట్యాంకుకు నీళ్లెక్కించేవారనీ, అది నడిచే కాసేపట్లోనే ఊరంతా బిందెలతో బారులు తీరేదనీ చెప్పింది. "అప్పుడు ఫ్యాను లేకుండా ఎలా పడుకున్నావు మామ్మా?" అని మనవడు అడిగితే, నీళ్లు దొరికిన రోజు ఫ్యాను గుర్తే రాలేదంది.

మీ మీటరు మీద ఆ 3200 బదులు వేరే సంఖ్య ఉండవచ్చు. ముందు అది చూసుకొని లెక్క వేయండి. పిల్లలను మాత్రం మీటరునూ వైర్లనూ ముట్టుకోనివ్వకండి.