పాత హాస్టల్‌లో శరణార్థి కుటుంబాలకు వసతి: ఒంగోలులో మాకు తెలిసివచ్చినవి

కావలి దగ్గర మీ చర్చి సంఘానికి మిషను కాలం నాటి హాస్టల్ ఖాళీగా పడి ఉందనీ, ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చిన శరణార్థి కుటుంబాలను అందులో ఉమ్మడిగా ఉంచాలని పెద్దలు అనుకుంటున్నారనీ రాశారు. ఎలా మొదలుపెట్టాలి, చట్టం ఒప్పుకుంటుందా అని అడిగారు. ఒంగోలులో మా సంఘం 2023 జూన్‌లో ఈ పనికే దిగింది. మేము చేసినవాటిలో సగం తప్పులే కాబట్టి వాటితోనే మొదలుపెడతాను.

మా దగ్గరికి వచ్చినవాళ్లు మణిపూర్‌కు చెందిన కుకీ తెగవాళ్లు. ఆ ఏడాది మే 3న అక్కడ మొదలైన హింసలో 60,000 మందికి పైగా ఇళ్లు వదిలి చెల్లాచెదురయ్యారు. మా ఊళ్లో నర్సింగ్ చదువుతున్న ఒక అమ్మాయి తన బంధువుల సంగతి పాస్టరు గారికి చెప్పుకుని ఏడ్చింది. పది రోజులు తిరక్కుండా 4 కుటుంబాలు, మొత్తం 17 మంది, రైలు దిగారు. రోహిణీ కార్తె వేడి ఇంకా తగ్గలేదు. చల్లని కొండల్లో పెరిగిన పిల్లలు వరండా గచ్చు మీద నీళ్లు చల్లుకుని ఆ తడిలోనే పడుకున్నారు. రెండు మూడు రోజులకొకసారి కుళాయి వచ్చే ఊళ్లో అదెంత ఖరీదైన చల్లదనమో వాళ్లకు తెలియదు. చెప్పడానికి మాకూ నోరు రాలేదు.

గదులకు సున్నం వేయించాం, ఫ్యాన్లు బిగించాం, కొత్త చాపలు కొన్నాం. తలుపుల సంగతి ఎవరికీ తట్టలేదు. ఒకప్పుడు అది మగపిల్లల హాస్టల్. వార్డెను బయటి నుంచి వేయడానికి గడియలుండేవి. లోపలివి ఎప్పుడో ఊడిపోయాయి. ఎనిమిదో రోజు ఉదయం పాలు ఇవ్వడానికి వెళితే మూడో గదిలో ఏదో బరువైన వస్తువు ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. తలుపు తీసింది ఇద్దరు పిల్లల తల్లి. రోజూ రాత్రి రేకు పెట్టెను తలుపుకు అడ్డంగా జరిపి, దానికి వీపు ఆనించి కూర్చునే నిద్రపోతోందట. నేల మీద ఆ పెట్టె గీసిన గీతలు అర్ధచంద్రాకారంలో తెల్లగా కనిపిస్తున్నాయి. అర్ధరాత్రి మంటలు చూసి పరుగెత్తి వచ్చిన మనిషికి ముందు కావాల్సింది ఫ్యానా, గడియా? ఆ రోజే ఇనుప సామాను కొట్టుకు వెళ్లి గడియలు, తాళాలు తెచ్చి బిగించి, తాళంచెవులు వాళ్ల చేతిలోనే పెట్టాం. మారు తాళంచెవి కమిటీ దగ్గర ఉండాలని ఒక పెద్దాయన పట్టుబట్టారు. మా స్త్రీల సమాజం ఒప్పుకోలేదు, మంచి పని చేసింది.

ఇక వంట. అందరికీ కలిపి మనమే వండి పెడదాం అనే ఆలోచన మీకూ వచ్చే ఉంటుంది. వదిలేయండి. మా వాళ్లు వంతులు వేసుకుని ప్రేమగానే వండారు. గోంగూర, పప్పుచారు, ఆదివారం కోడికూర. నెల తిరిగేసరికి పిల్లలు తప్ప ఎవరూ సరిగా తినడం లేదని తెలిసింది. సంఘంలో ప్రతి ఇంట్లోనూ పిడికెడు బియ్యం తీసిపెట్టే అలవాటు ఉంది కదా. అది చాలదని ఒక రైతు రెండు బస్తాల పాత బియ్యం ఏరి మరీ పంపాడు. పొడిపొడిగా, పువ్వులా విచ్చుకునే అన్నం. కొన్నాళ్లకు నర్సింగ్ అమ్మాయి సిగ్గుపడుతూ అడిగింది: “అంకుల్, కొత్త బియ్యం దొరుకుతాయా? వీళ్లకు అన్నం కొంచెం ముద్దగా ఉండాలి.” మనం వద్దని పక్కన పెట్టేదే వాళ్లకు కావాల్సినది!

ఆ తర్వాత కుటుంబానికొక పొయ్యి ఇచ్చాం. స్థానిక చిరునామా లేకపోతే మామూలు గ్యాస్ కనెక్షన్ కష్టం. 5 కిలోల చిన్న సిలిండర్‌కు గుర్తింపు కార్డు చూపిస్తే చాలు, చిరునామా రుజువు అడగరు. పులియబెట్టిన వెదురు మొలకల వాసన గురించి చుట్టుపక్కల గొణుగుడు వచ్చింది. ఎండు నెత్తళ్లు వేయించిన రోజు మన వంటింటి వాసన ఎన్ని ఇళ్లు దాటుతుందో గుర్తుచేశాక తగ్గింది. ఉమ్మడిగా ఉంచాల్సినవి నీళ్ల ట్యాంకు, బట్టలు ఉతికే రాయి, పిల్లలు చదువుకునే హాలు. స్నానాల గది కూడా వీలైతే రెండు కుటుంబాలకొకటి కట్టించండి.

నాకు ఇప్పటికీ తల వంచుకోవాలనిపించేది మొదటి ఆదివారం. వాళ్లను బలిపీఠం ముందు వరుసగా నిలబెట్టి దుప్పట్లు పంచి ఫోటోలు తీశాం. ఒక ముసలమ్మ దుప్పటి అందుకుని దానితోనే ముఖం కప్పుకుంది. వాళ్లూ మనలాగే బాప్టిస్టులు, పాటలు కలిసి పాడుకోవచ్చని మా ఉత్సాహం. కానీ ఆరాధనకు రావడం వసతికి అద్దెలా మారిపోతుందని మాకు తోచలేదు. నిజానికి మా ఒంగోలులోనే దీనికి పాఠం ఉంది. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. తిండి లేక వచ్చినవాళ్లకు పని చూపించి కూలి ఇచ్చాడు. కరువు సాగినంతకాలం, బియ్యం కోసం వస్తున్నారేమోనని బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చిన సంగతిని మనం ఏటా ప్రసంగాల్లో చెప్పుకుంటాం. అంతకుముందు ఆపిన సంగతి చెప్పుకోం. మీ దగ్గరికి వచ్చేవాళ్లు ఏ మతం వాళ్లయినా ఈ ఆపడాన్ని గుర్తుపెట్టుకోండి.

చట్టం విషయానికి వస్తే, వచ్చేది ఎవరో ముందు తేల్చుకోండి. మా వాళ్లు భారత పౌరులు. దేశంలో ఎక్కడైనా ఉండే హక్కు వాళ్లకుంది, ఇక్కడ ఉండడానికి అనుమతి అక్కర్లేదు. మేము పోలీస్ స్టేషన్‌లో ఒక మాట చెప్పి వచ్చాం, అంతే. రేషన్ కార్డు నంబరు ఉన్నవాళ్లకు ‘ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు’ కింద కేంద్రం ఇచ్చే బియ్యం ఇక్కడే వేలిముద్రతో తీసుకునే వీలుంది. బడిలో టీసీ లేదని మొదట వెనక్కి పంపారు. టీసీ గానీ వయసు రుజువు గానీ లేవని బడిలో చేర్చుకోకుండా ఉండకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టంలోనే ఉంది. ఆ సెక్షన్లు కాగితం మీద రాసుకుని వెళ్లాక మరో మాట లేకుండా చేర్చుకున్నారు.

మయన్మార్ నుంచో మరో దేశం నుంచో వచ్చినవాళ్లయితే దారి వేరు. 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద భారతదేశం సంతకం చేయలేదు. ఐక్యరాజ్యసమితి ఇచ్చే శరణార్థి కార్డు ఉన్నంత మాత్రాన ఇక్కడ ఉండే హక్కు వచ్చేయదు. విదేశీయులకు బస ఇచ్చేవాళ్లు, అది హోటలైనా చర్చి గది అయినా, 24 గంటల్లో నిర్ణీత ఫారం నింపి విదేశీయుల నమోదు అధికారులకు తెలపాలి. 2025లో వచ్చిన కొత్త విదేశీయుల చట్టంలోనూ ఈ బాధ్యత బస ఇచ్చేవారిదే. జాలిపడి దాచిపెడితే వాళ్లకే చేటు. ఈ విషయం తెలిసిన వకీలును ముందే కలవండి.

డబ్బు గురించి ఒక్క హెచ్చరిక. మన సంఘాల పిల్లలు సగం మంది అమెరికాలోనే ఉన్నారు, విషయం తెలియగానే పంపిస్తామంటారు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదనలోంచి పంపితే చిక్కులేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే అది విదేశీ విరాళం అవుతుంది. విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంఘం పైసా తీసుకోకూడదు. మేము రెండు చెక్కులు తిప్పి పంపాం.

ఎన్నాళ్లు ఉంచాలన్నది ముందే కాగితం మీద రాసుకోండి. మేము ఆరు నెలలు అనుకుని, తర్వాత మూడేసి నెలలు పొడిగించాం. ఎప్పటి వరకు అన్నది తెలియకపోతే వాళ్లు సంచులు విప్పరు. రెండు కుటుంబాలు గువాహటి వెళ్లాయి. ఒక కుటుంబం మా వీధిలోనే అద్దెకుంటోంది, ఆయన ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో చేస్తున్నాడు. మూడో గది తల్లి మాత్రం ఇంకా హాస్టల్‌లోనే ఉంది. కిటికీ ఊచకు మగ్గం ఒక కొస కట్టి, రెండో కొస నడుముకు చుట్టుకుని శాలువాలు నేస్తుంది. కరెంటు బిల్లు తనే కడతానంటే మొదట వద్దన్నాం, ఆమె ఒప్పుకోలేదు. ఇప్పుడు ప్రతి నెలా రసీదు తెచ్చి మాకు చూపిస్తుంది.

మీ కమిటీ వాళ్లు ఒకసారి ఒంగోలు వస్తే గదులు చూపిస్తాను. బయలుదేరే ముందు మీ హాస్టల్ తలుపులన్నీ ఒకసారి లోపలి నుంచి వేసి చూడండి. ఎన్ని పడతాయో లెక్కపెట్టి రండి.