పెద్దమనిషి అయితే ఆటలు మానేయాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 13 ఏళ్లు. ఖోఖో బాగా ఆడేది. పెద్దమనిషి అయినప్పటి నుంచి ఆటల పీరియడ్‌లో ఓ పక్కన కూర్చుంటోందని పీఈటీ మేడమ్ చెప్పారు. పరుగులు పెడితే గర్భసంచి జారుతుందని మా అత్తగారు అంటున్నారు. ఆటలు మానిపించాలా?
- ఒక తల్లి, నల్గొండ

జవాబు: మానిపించకండమ్మా. గర్భసంచిని బలమైన కండరాలు, బంధనాలు పట్టి ఉంచుతాయి. పరుగెత్తినంత మాత్రాన, దూకినంత మాత్రాన అది జారదు. జారడమనేది ఎక్కువగా కాన్పుల తర్వాత, వయసు పైబడ్డాక కనిపించే సమస్య. వరుస కాన్పులై, బాలింతగా ఉండగానే బరువులు మోసి ఆ బాధ పడ్డవారిని మీ అత్తగారు చూసి ఉండవచ్చు. ఆమె భయాన్ని కొట్టిపారేయకుండా ఈ తేడాను విడమరచి చెప్పండి. ఆటలాడితే కన్నెపొర చిరుగుతుందేమోనన్న బెంగ కూడా చాలా ఇళ్లలో పైకి అనకుండానే ఉంటుంది. దాన్నిబట్టి ఆడపిల్ల గురించి ఎవరూ ఏమీ తేల్చలేరు.

అయితే మీ అమ్మాయి ఎందుకు కూర్చుండిపోతోందో తననే అడిగారా? నా దగ్గరికి వచ్చే పిల్లలు చెప్పే కారణాలు వేరుగా ఉంటాయి. ఖోఖోలో వెనక నుంచి 'ఖో' వినపడగానే లేచి ఉరకాలి. ఆ క్షణంలో చున్నీ సర్దుకోవాలా, వెనక మరక పడిందేమో చూసుకోవాలా? పరుగెత్తితే ఎదుగుతున్న రొమ్ములు నొప్పి పెడతాయని అమ్మకు కూడా చెప్పరు. గట్టున నిలబడి చూసేవాళ్ల మాటలు సరేసరి. పిల్ల ఒంట్లో లోపమేమీ లేదు, ఆమెకు తగిన ఏర్పాట్లే లేవు. సరైన కొలతలో స్పోర్ట్స్ బ్రా, ముదురు రంగు ట్రాక్ ప్యాంటు, వదులైన టీషర్టు కొనివ్వండి. చున్నీ లేకుండా ఆడనివ్వమని, ప్యాడ్ మార్చుకోవడానికి నీళ్లు, గడియ ఉన్న మరుగుదొడ్డి చూపించమని బడిలో గట్టిగా అడగండి. అది అడిగి తీరవలసిన విషయం.

నెలసరి రోజుల్లోనూ ఓపిక ఉంటే ఆడవచ్చు. వ్యాయామంతో చాలామందికి కడుపునొప్పి తగ్గుతుంది. నీరసంగా ఉన్న రోజు మాత్రం బలవంతం వద్దు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎముకలు గట్టిపడే వయసు ఇదే, పోగొట్టుకుంటే మళ్లీ రాదు.

ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనతే, దానివల్ల కూడా ఆయాసం వచ్చి పిల్లలు ఆటకు దూరమవుతారు. బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర వేసుకుంటోందో లేదో కనుక్కోండి. మొదటి రెండేళ్లు నెలసరి అటూ ఇటూ కావడం మామూలే. రక్తస్రావం ఏడు రోజులు దాటినా, గంట రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోతున్నా, ఆడుతూ కళ్లు తిరిగి పడిపోయినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.