సమాధానం: క్రిస్మస్ చెట్టు పెట్టాలా వద్దా అన్న టెన్షన్‌కి

వందనాలు బ్రదర్. డిసెంబరు 25 బైబిల్లో లేదు, చెట్టు అన్యుల ఆచారం, పైగా బట్టలకీ కేకులకీ అప్పు చేయాల్సి వస్తోంది, మానేద్దామంటే పిల్లలు ఏడుస్తారు అని రాశారు. ఇవి రెండు వేర్వేరు బాధలు, మీరు కలిపేసుకున్నారు.

సువార్తల్లో తేదీ లేని మాట నిజమే. రోములో ఆ రోజున పండగ జరిపినట్టు తొలి ఆధారం క్రీ.శ. 336 నాటిది. ఈ అభ్యంతరంతోనే అమెరికాలోని మసాచుసెట్స్‌లో ప్యూరిటన్లు (బైబిల్లో లేని ఆచారాలు వద్దనే ప్రొటెస్టంట్లు) 1659లో క్రిస్మస్ చేసుకునేవాళ్లకి ఐదు షిల్లింగుల జరిమానా పెట్టారు, 1681లో ఎత్తేశారు. కాబట్టి మీ అనుమానం కొత్తదేం కాదు, విశ్వాసం తగ్గిందనీ కాదు. చెట్టయితే 16వ శతాబ్దం నాటికే జర్మనీలో క్రైస్తవుల ఇళ్లలో ఉంది. మనసొప్పకపోతే వదిలేయండి, గుమ్మానికి స్టార్ చాలు.

అసలు నొప్పి డబ్బు దగ్గర. నాలుగేళ్ల కిందట నేను చీటీ పాడి మరీ అందరికీ బట్టలు కొన్నాను. జూన్‌లో స్కూలు ఫీజులొచ్చేసరికి కళ్లు తిరిగాయి. ఇప్పుడు నవంబరులోనే ఇంత అని కవర్లో పెట్టేస్తాం. బట్టలు పిల్లలకే. కేకు బదులు ఇంట్లో అరిసెలు, పక్కింటికీ అవే. సెమీ క్రిస్మస్ (పండగకి ముందు సంఘంలో చేసే వేడుక) చందా ఎంత ఇవ్వగలరో సంఘపెద్దకి ముందే చెప్పేయండి, అక్కడ మొహమాటపడితే కవరు ఖాళీ.

మా పిల్లలు మొదటి ఏడాది మూతి ముడిచారు, అబద్ధమెందుకు. క్యారల్స్ రౌండ్స్‌కి అర్ధరాత్రి దాకా తిరిగొచ్చాక మర్చిపోయారు. ఇంట్లో సిస్టర్, అంటే మీ భార్య, ఏమన్నారో మీరు రాయలేదు. ముందు ఆమెతో కూర్చుని లెక్క వేయండి.