ఎంఎస్ సర్జరీ అయ్యాక హైదరాబాద్‌లో ఎక్కడ చేరితే బర్నవుట్ తక్కువ?

గవర్నమెంటా, కార్పొరేటా, సొంత నర్సింగ్ హోమా అని మీరు అడిగారు. ఎంఎస్ (సర్జరీలో పీజీ) ఫైనలియర్‌కే ఇంత అలసిపోయాను, జీవితమంతా ఇంతేనా అని కూడా రాశారు. నేను జనరల్ సర్జన్‌ని. సిటీలోనే ఒక పెద్ద గవర్నమెంటు ఆసుపత్రిలో పీజీ చేశాను. తర్వాత ఎనిమిదేళ్లు కార్పొరేట్. ఇప్పుడు ఎల్బీ నగర్ వైపు ముగ్గురు డాక్టర్లం కలిసి ఇరవై పడకల నర్సింగ్ హోమ్ నడుపుతున్నాం.

అలసట వేరు, బర్నవుట్ వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితా ఐసీడీ-11లో బర్నవుట్‌ని జబ్బుగా కాకుండా, పని వల్ల వచ్చే స్థితిగా చెప్పింది. ఓపిక పూర్తిగా అయిపోవడం, పనంటే విరక్తి పుట్టడం, నేను సరిగ్గా చేయలేకపోతున్నాననిపించడం దాని లక్షణాలు. మామూలు అలసట చాలావరకు నిద్రతో తీరుతుంది. ఇవి మాత్రం నిద్రతో తీరవని నేను కార్పొరేట్‌లో తెలుసుకున్నాను.

పీజీలో పని గంటలకు లెక్కే లేదు. 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ నిబంధనల్లో వారానికి 48 గంటలని ఉంది, మాకు అది రెండు మూడు రోజుల్లోనే అయిపోయేది. అది తప్పే, సమర్థించను. కానీ ఒకసారి నేను కుట్టిన పేగు అయిదో రోజు లీకయింది. మా యూనిట్ చీఫ్ రాత్రి పదకొండింటికి వచ్చి, పక్కనే నిలబడి నాతోనే మళ్లీ పొట్ట తెరిపించారు. బయట బంధువులతో ఆయనే మాట్లాడారు. 'ఇది యూనిట్ లీక్, నీ ఒక్కడిది కాదు' అన్నారు. మర్నాడు మళ్లీ ఆపరేషన్ థియేటర్‌కి వెళ్లగలిగానంటే ఆ మాట వల్లే.

కార్పొరేట్‌లో మొదటి రెండేళ్లు మినిమమ్ గ్యారంటీ, అంటే కేసులు ఎన్నున్నా నెలకు కనీసం ఇంత అని ఇస్తారు. ఆ తర్వాత చేసిన కేసుల్ని బట్టే ఆదాయం. కన్వర్షన్ అంటే సర్జన్లకు ల్యాప్ (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్) మధ్యలో ఆపి, పొట్ట తెరిచి చేసే ఓపెన్‌కి మారడం. అక్కడి నెలవారీ మీటింగ్‌లో మాత్రం ఓపీకి వచ్చినవాళ్లలో ఎంతమంది సర్జరీకి ఒప్పుకున్నారని అర్థం. ఒకామెకు వేరే దేనికో తీసిన స్కాన్‌లో గాల్ బ్లాడర్‌లో రాళ్లు కనిపించాయి. నొప్పి లేదు, ఏ ఇబ్బందీ లేదు. అలాంటి రాళ్లకు మామూలుగా ఆపరేషన్ అక్కర్లేదు కాబట్టి నొప్పొస్తే రమ్మని పంపించేశాను. ఆమెను ఎందుకు వదిలేశారని మీటింగ్‌లో అడిగారు. జవాబు చెప్పగలిగాను. కానీ మర్నాడు ఓపీలో పేషెంటు కూర్చోగానే, ఆయన బాధ కన్నా ముందు నాకు ఆ మీటింగే గుర్తొచ్చింది. నిజంగా భయమేసింది. ఆ తర్వాత ఏడాదిపాటు కంటినిండా నిద్రపోయినా పొద్దున థియేటర్‌కి వెళ్లబుద్ధయ్యేది కాదు.

ఇది నా ఒక్కడి మనస్తత్వం కాదని తర్వాత తెలిసింది. 2009లో అమెరికాలో దాదాపు 7,900 మంది సర్జన్లు జవాబిచ్చిన సర్వే ఒకటి 'అనల్స్ ఆఫ్ సర్జరీ'లో వచ్చింది. వాళ్లలో 40 శాతం మందికి బర్నవుట్ ఉంది. పని గంటలు, నైట్ కాల్స్‌తో పాటు, ఆదాయమంతా బిల్లింగ్ మీదే ఆధారపడటానికి కూడా దానితో సంబంధం కనిపించింది.

నర్సింగ్ హోమ్‌లో నిర్ణయం మనదే. ఆ తృప్తి చాలా పెద్దది. కానీ లోన్ వాయిదాలు, స్టాఫ్ మానేయడం, ఇన్సూరెన్స్ డబ్బులు ఆలస్యం కావడం, అన్నీ మన నెత్తి మీదే. ఒక్కరే పెడితే ఆపరేషన్ చేసిన పేషెంటుని వదిలి పెళ్లికి కూడా ఊరు దాటలేరు. ముగ్గురం ఉండబట్టే నాకు నెలలో రెండు ఆదివారాలు దొరుకుతున్నాయి.

అందుకని ఆసుపత్రి రకాన్ని చూసి ఎంచుకోకండి. చేరేముందు, గ్యారంటీ అయిపోయాక జీతం ఎలా లెక్కగడతారో కాగితం మీద చూడండి. మీరు లేని రోజు మీ పేషెంటుని ఎవరు చూస్తారో, రాత్రి రెండింటికి మీ కేసు తేడా చేస్తే ఏ సీనియర్ వస్తారో అడగండి. అక్కడ మానేసిన సర్జన్‌ని ఒకరిని వెతికి మాట్లాడండి, ఉన్నవాళ్లు అంతా చెప్పలేరు.

ఇప్పటి మీ అలసట విషయానికొస్తే, పేషెంట్లను చూస్తేనే చిరాకు వస్తోందా, సెలవు తీసుకున్నా తగ్గడం లేదా? అయితే పరీక్షల దాకా ఆగకండి. మీ యూనిట్లో నమ్మకమున్న ఒక్కరికైనా ఈ వారమే చెప్పండి. తెలిసినవాళ్లకు చెప్పలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.