‘అన్నాడు’ చాలు, బుజ్జీ

చిరంజీవి బుజ్జికి,

నీ కథ రెండుసార్లు చదివాను. బావుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. మనుషుల చేత మాట్లాడించడం నీకు వచ్చు. ఆ మాటల చివర తగిలించినవే చదివేవాళ్లకి అడ్డం పడుతున్నాయి.

మాటిమాటికీ ‘అన్నాడు’ అని రాస్తే విసుగొస్తుందేమోనని నీ టెన్షన్. అందుకే పలికాడు, వచించాడు, ఉద్ఘాటించాడు అని మార్చి మార్చి రాశావు. అక్కర్లేదమ్మా. ‘అన్నాడు’ మీద ఎవరి కన్నూ ఆగదు. ‘ఉద్ఘాటించాడు’ దగ్గర ఆగుతుంది. గొణిగాడు, అరిచాడు లాంటివి వాడుకో, అవి గొంతు ఎలా ఉందో చెబుతాయి.

పైగా మన భాషలో ఆ చిన్న క్రియే సగం పని చేసేస్తుంది. అన్నాడు, అంది, అన్నారు... అన్నది మగా ఆడా, కథ చెప్పేవాళ్లు వాళ్లకి ఎంత గౌరవం ఇస్తున్నారు, అన్నీ అందులోనే తెలుస్తాయి. నీ కథ చెప్పేది కోడలు కదా. మొదటి పేజీలో మామగారు ‘అన్నారు’, రెండో పేజీలో ‘అన్నాడు’, మళ్లీ ‘అన్నారు’. పొరపాటైతే దిద్దుకో. కానీ ఆయన పొలం అమ్మేశాడని తెలిసిన రోజు నుంచీ ఆమె నోట ‘అన్నారు’ పోయి ‘అన్నాడు’ వచ్చిందనుకో, ఆమె కోపం గురించి నువ్వు వేరే ఒక్క ముక్క రాయక్కర్లేదు.

పిలుపులూ అంతే. ‘ఒరే’, ‘వదినా’, ‘ఏవండీ’ అని మొదలైతే ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో ఇట్టే తెలిసిపోతుంది. 1910లో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’ తలుపు తియ్యమనే పిలుపుతోనే మొదలవుతుంది. పిలిచిందెవరో ఆ పక్కన చెప్పలేదు, మనమే తెలుసుకుంటాం.

ఇక ఈ ‘గా’లు. కోపంగా, బాధగా, ఆశ్చర్యంగా. నేను రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఒక వారపత్రిక సబెడిటర్ నా కథ వెనక్కి పంపుతూ ప్రతి ‘గా’ కిందా ఎర్ర పెన్సిల్‌తో గీత గీశారు. ఒక్క పేజీలోనే 11. అవన్నీ తీసేసి చదివితే కథలో ఏమీ తగ్గలేదు.

నీ పుట్టింటి సీను చూడు. “ఫీజుకి ఎంత కావాలి?” అని నాన్న కోపంగా, విసుగ్గా అడిగాడు. దాన్ని ఇలా రాస్తే?

“ఎంతట?” నాన్న పేపర్లోంచి తలెత్తలేదు.

కూతురు ఎదురుగా ఉండగా అమ్మని అడుగుతున్నాడు. విసుగంతా ఆ ‘ట’లో ఉంది.

అలాగని అన్నీ కొట్టెయ్యకు. “పోరా వెధవా” అంది నాయనమ్మ ముద్దుగా. ఇక్కడ నోటి మాట ఒకటి, మనసులో ఉన్నది ఒకటి. ‘ముద్దుగా’ తీసేస్తే అర్థమే మారిపోతుంది. దాన్ని ఉంచు.

పొడుగు మాటల్లో ‘అన్నారు’ని చివరిదాకా ఆపకు. ఎనిమిది లైన్లు చదివితే గానీ అవి మామగారి మాటలని నాకు తెలియలేదు. మొదటి ముక్క అవగానే పెట్టెయ్.

ఆస్పత్రి సీను మాత్రం ముట్టుకోకు. కూతురు గుమ్మంలో కనబడగానే, మంచం మీదున్న తల్లి “తిన్నావా?” అంది. అంతే రాశావు. అక్కడ కాసేపు కాగితాలు పక్కన పెట్టేశాను.

అమ్మని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ