దరువు డప్పుకేనా?

సందేహం: ఇంగ్లండ్ రాక్ బృందం రోలింగ్ స్టోన్స్ డ్రమ్మర్ చార్లీ వాట్స్ గురించి రాస్తూ ‘ఆయన దరువే వేరు’ అన్నాను. దరువు డప్పుకే చెల్లుతుందనీ, డ్రమ్స్‌కు ‘శైలి’ అనాలనీ మిత్రుడు దిద్దాడు. ఏది సరైనది?

సమాధానం: మీ మిత్రుడు కాస్త తొందరపడ్డారు. దరువు డప్పుతో పుట్టిన మాట కాదు. ఆ మాటకొస్తే దెబ్బతోనే పుట్టలేదు, పాటతో పుట్టింది. నాటకంలో సందర్భాన్ని బట్టి పాడే పాటలను భరతుడు నాట్యశాస్త్రంలో ‘ధ్రువలు’ అన్నాడు. పాత్ర వచ్చేటప్పుడు పాడేది ప్రావేశికి, వెళ్లేటప్పుడు పాడేది నైష్క్రామికి. ఆ ధ్రువే మన నోట దరువైందని పండితుల మాట, నా నమ్మకమూ అదే. కూచిపూడివారి ‘ప్రవేశ దరువు’ అనే పేరే చూడండి, ప్రావేశికి అచ్చంగా అందులో ఉంది. భామాకలాపంలో తెర మీదుగా జడ వేసిన సత్యభామ తానెవరో చెప్పుకునేది ఆ దరువుతోనే. అంటే దరువు వింటే మనిషి తెలియాలి. పాట పక్కకు జరిగి తాళపు దెబ్బ ఒక్కటే ఆ పేరుకు మిగలడం తర్వాతి సంగతి.

ఇవాళ ఎవరు ఏం వాయించినా ‘బీట్ అదిరింది’ అని రాసి ఊరుకుంటున్నారు. ఎక్కడ కొట్టాడో, ఎక్కడ మానాడో చెప్పకపోతే చదివేవాడికి ఏం తెలుస్తుంది? రాక్‌లో మామూలుగా ప్రతి నాలుగు లెక్కలకూ కుడిచెయ్యి హై-హ్యాట్ (స్టాండుకు బిగించిన జంట తాళాలు) మీద ఎనిమిది దెబ్బలు ఆపకుండా వేస్తుంది. రెండో లెక్క, నాలుగో లెక్క మీద ఎడమచెయ్యి స్నేర్ (చురుగ్గా మోగే చిన్న డ్రమ్) మీద పడుతుంది. వాట్స్ చాలా పాటల్లో సరిగ్గా ఆ రెండు చోట్లా కుడిచేతిని పైకి తీసేస్తాడు. స్నేర్ ఒంటరిగా, స్పష్టంగా మోగుతుంది. పైగా ఆయన మనసంతా జాజ్. ఎడమచేతి పుల్లను జాజ్‌వాళ్ల పాత పద్ధతిలోనే పట్టేవాడు. ‘ధ్రువం’ అంటే కదలనిది. 1963లో చేరి 2021లో చనిపోయేదాకా ఆ బృందం ఆనుకున్నది ఆయన లయ మీదే. దరువన్న మాట ఆయనకు తగదంటే నేను ఒప్పుకోను.

‘శైలి’ శీలం నుంచి వచ్చింది, తప్పేమీ లేదు. ‘బాణీ’కి మూలం వాణి. వాయించే పద్ధతికి చక్కగా సరిపోయే మాటే గానీ, సినిమావాళ్లు దాన్ని ట్యూన్‌కు కట్టేశారు.

కొట్టింది దరువు, కొట్టే తీరు బాణీ అని నేను వాడతాను. అందరూ అలాగే రాయాలని పట్టుబట్టను. మీ వాక్యం మాత్రం మార్చకండి. మిత్రుడు ఇంకా ఒప్పుకోకపోతే ‘ఆయన దరువు వేసే తీరే వేరు’ అని రాయండి.