ఉండవల్లి గుహల దగ్గర అపార్ట్‌మెంట్లు కట్టుకోవచ్చా?

కట్టుకోవచ్చు, కానీ ఈ గుహల్లాంటి కేంద్ర రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం కుదరదు. ఆ తర్వాతి 200 మీటర్లలో జాతీయ స్మారక ప్రాధికార సంస్థ ఇచ్చే నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) ఉండాలి. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ఇది.

కారణం కేవలం అందం కాదు. సెల్లార్ కోసం లోతుగా తవ్వితే వచ్చే అదురు, దారి మళ్లిన వాననీరు పాత రాతికి చేటు చేస్తాయి. ఉండవల్లిలో కొండనే నాలుగు అంతస్తులుగా తొలిచారు. ఎదురుగా అంతకన్నా ఎత్తైన టవర్లు లేస్తే ఆ కొండ కనిపించకుండా పోతుంది. అది పూడ్చలేని నష్టం. అందుకే ఎన్‌ఓసీలో ఎత్తుకు పరిమితి పెడతారు.

ఉదాహరణకు, మీ స్థలం హద్దుకు 80 మీటర్ల దూరంలో ఉంటే కొత్త ఇల్లు కట్టలేరు, పాత ఇంటి మరమ్మతుకూ అనుమతి కావాలి. 250 మీటర్లలో ఉంటే ఎన్‌ఓసీతో కట్టొచ్చు.

చాలామంది దూరాన్ని గుహ ముఖద్వారం నుంచి కొలుస్తారు. కొలవాల్సింది రక్షిత స్థలం హద్దు నుంచి. ప్లాన్ అప్రూవల్ వచ్చింది కదా అనుకోవద్దు, ఎన్‌ఓసీ వేరే.